బోర్డు మీది సంవత్సరం నమ్మొచ్చా? లండన్ పాత పబ్బుల నడక టూర్ గురించి నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నేను తాగను, మా బాబాయ్ అసలే తాగడు, అయినా ఇద్దరం కలిసి ఒక బుధవారం దాదాపు నాలుగు గంటల సేపు లండన్‌లో పబ్బులు పట్టుకుని తిరిగాం. ఇదే మాట ఆ రాత్రి ఫోన్‌లో పిన్నికి చెబితే అవతల్నుంచి కాసేపు చప్పుడు లేదు. బాబాయ్ రోడ్లు భవనాల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. మ్యూజియంకి తీసుకెళ్తే అరగంటకే కాళ్లు నొప్పులంటాడు, పాత గోడ ముందు మాత్రం గంటైనా నిలబడతాడు, చేత్తో తట్టి చూడందే కదలడు. అందుకే నెట్‌లో వెతికి, పాత పబ్బులూ చారిత్రక కట్టడాలూ చూపించే ఒక చిన్న సంస్థ దగ్గర వాకింగ్ టూర్ బుక్ చేశా. మనిషికి 28 పౌండ్లు. తాగేది, తినేది మన ఖర్చే. సంస్థ పేరు చెప్పను, ఎందుకంటే కింద కాస్త తిట్టబోతున్నా.

స్టార్ల లెక్క కావాలంటే ఐదుకి నాలుగు. ఆ నాలుగూ గైడ్‌వి. పోయిన ఒక్కటి ఆఫీసులో కూర్చుని బుకింగులు చూసేవాళ్లది.

మొదట ఆ ఒక్కటి సంగతి. మెయిల్‌లో "లండన్ బ్రిడ్జ్ స్టేషన్ బయట కలుద్దాం" అని రాశారు, ఆ స్టేషన్‌కి ఎన్ని బయటలున్నాయో రాసినవాళ్లకి తెలుసో తెలీదో, మేం ఒక పక్క, గ్రూపు ఇంకో పక్క, ఫోన్ చేస్తే ఎత్తరు, చివరికి ఒక గొడుగు పైకెత్తి పట్టుకున్న ఆవిడ కనిపిస్తే పరుగున వెళ్లి కలిశాం. గ్రూపులో పన్నెండు మంది మించరని సైట్‌లో ఉంది, లెక్కపెడితే ఇరవై మందిమి. మైకు లేదు. బస్సులు పోయే రోడ్డు పక్కన నిలబడి ఇరవై మందికి వినపడేలా మాట్లాడటం ఎవరి తరం? పైగా దారిలో ఒక పబ్బుకి (ఏ పబ్బో చెప్పను) ముందుగా ఫోన్ చేసి చెప్పకుండా సరిగ్గా లంచ్ టైంకి మమ్మల్ని తోలుకెళ్లారు, అక్కడి మేనేజర్ మర్యాదగానే అయినా గట్టిగానే బయట నిలబడమన్నాడు. తప్పు ఆయనది కాదు. తర్వాత నేను కంప్లయింట్ మెయిల్ పెడితే తొమ్మిది రోజులకి జవాబొచ్చింది, ఇంకో టూర్ బుక్ చేసుకుంటే పది శాతం తగ్గిస్తారట.

సరే, ఇక గైడ్.

యాభై దాటిన ఆవిడ, చేతిలో కాగితం ముక్క లేదు. మొదటి అయిదు నిమిషాల్లోనే ఒక మాట చెప్పింది, టూర్ అంతా దాని చుట్టూనే తిరిగింది. ప్రతి పాత పబ్బుకీ నాలుగు వయసులుంటాయట: స్థలం వయసు, గోడల వయసు, లోపలి చెక్కపని వయసు, దాని గురించి చెప్పుకునే కథ వయసు. బోర్డు మీద రాసేది వీటిలో ఏది ఎక్కువైతే అది. బాబాయ్ వెంటనే నా చెవిలో, "ఒరేయ్, ఈవిడ మన మనిషేరా" అన్నాడు.

మొదటి మజిలీ బరో హై స్ట్రీట్‌లోని జార్జ్ ఇన్. రోడ్డు మీంచి చూస్తే ఏమీ కనపడదు, గేటు దాటి లోపలికి వెళ్తే రాళ్లు పరిచిన పెద్ద వాకిలి, దాని ఒక వైపు మూడంతస్తుల పాత భవనం, పై అంతస్తుల ముందు చెక్క వసారాలు. 1676లో సదర్క్‌లో, అంటే థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న ఈ పేటలో, పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఈ వీధిలో చాలా భాగం కాలిపోయింది, మరుసటి ఏడాది 1677లో పాత స్థలంలోనే మళ్లీ కట్టింది ఇది. అంటే ఇక్కడ సత్రం అంతకుముందూ ఉంది, మనం చూసే గోడలు మాత్రం 1677వి. ఆ రోజుల్లో వంతెన దాటి ఊళ్లోకి వెళ్లేముందు, ఊరు వదిలి దక్షిణానికి పోయేముందు ప్రయాణికులు ఆగేది ఈ వీధిలోనే. గుర్రబ్బళ్లు నేరుగా వాకిట్లోకి వచ్చేవి, కింద గుర్రాలు, పైన గదులు, ఆ గదుల ముందు నడవడానికి ఈ వసారా. "మన మండువా లోగిలి లాంటిదే, కాకపోతే మధ్యలో వాన నీళ్ల బదులు గుర్రబ్బండి" అని బాబాయ్ తేల్చేశాడు. పూర్తిగా తప్పేం కాదు, ఎందుకంటే ఒకప్పుడు ఈ వసారాలు మూడు వైపులా ఉండేవి.

మరి మిగతా రెండు వైపులూ ఏమయ్యాయి? ఇక్కడే ఆవిడ కథ చెప్పే తీరు నాకు నచ్చింది. 1836లో కూతవేటు దూరంలో లండన్ బ్రిడ్జ్ స్టేషన్ తెరిచారు, రైలొచ్చాక గుర్రబ్బండి ఎవరెక్కుతారు, సత్రాలన్నీ ఒక్కొక్కటే ఈగలు తోలుకునే పరిస్థితికి వచ్చాయి. జార్జ్ ఇన్‌ని చివరికి కొన్నది కూడా ఒక రైల్వే కంపెనీయే, గ్రేట్ నార్తర్న్, సరుకుల డిపోగా వాడుకోవడానికి. 1889లో ఆ కంపెనీయే రెండు వైపులూ పడగొట్టింది. మిగిలిన ఒక్క వైపుని 1937లో పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి ఇచ్చేశారు. వసారాలున్న గుర్రబ్బళ్ల సత్రం లండన్ మొత్తం మీద ఇదొక్కటే మిగిలింది, గ్రేడ్ 1 లిస్టింగ్ ఉంది, అంటే చట్టం కాపాడే పాత భవనాల జాబితాలో పై మెట్టు. పక్క సందులోనే టబార్డ్ అని ఇంకో సత్రం ఉండేది, పాత ఇంగ్లీషు కవి చాసర్ కావ్యంలో యాత్రికులు కాంటర్‌బరీకి బయల్దేరేది అక్కడి నుంచే. అదీ 1676 మంటల్లో పోయింది, మళ్లీ కట్టినదాన్ని పంతొమ్మిదో శతాబ్దంలో పడగొట్టారు. ఇప్పుడక్కడ ఒక ఫలకం, కొన్ని చెత్త డబ్బాలు.

నడుస్తూ నడుస్తూ పాఠం కూడా చెప్పింది, అదీ విసుగు రాకుండా. పబ్బు అని మనం ఇప్పుడు ఒకే ముద్దగా అనేది ఒకప్పుడు మూడు వేరు వేరు సంగతులు. ఇన్ అంటే బస, అంటే సత్రం. టావెర్న్ అంటే వైన్ అమ్మేది, కాస్త డబ్బున్నవాళ్ల చోటు. ఏల్‌హౌస్ అంటే ఎవరింట్లో వాళ్లు, ఎక్కువగా ఆడవాళ్లు, ఏల్ అనే ఒక రకం బీరు కాచి గుమ్మం ముందు ఒక కర్రకి ఆకుల మండ కట్టి అమ్మేది. బీరు కాచాం రండి అని చెప్పడానికి అదే బోర్డు. చదువు రానివాళ్లే ఎక్కువ కాబట్టి తర్వాత వచ్చిన బోర్డులన్నీ బొమ్మలే, ఎర్ర సింహం, రాజు తల, ఓక్ చెట్టు. ఆ ఓక్ చెట్టు బొమ్మ వెనక 1651లో యుద్ధంలో ఓడి చెట్టెక్కి దాక్కున్న రాజు రెండో చార్లెస్ ఉన్నాడు. ఏల్ బాగుందో లేదో రుచి చూసి చెప్పే ఉద్యోగులు కూడా ఉండేవాళ్లట, షేక్‌స్పియర్ తండ్రి స్ట్రాట్‌ఫర్డ్‌లో కొన్నాళ్లు ఆ పని చేశాడు. లైసెన్సు తప్పనిసరి అని చట్టం వచ్చింది 1552లో. 1830లో మళ్లీ గేట్లు ఎత్తేశారు, రెండు గినీలు (అప్పటి డబ్బు) కడితే పన్ను కట్టే ఎవరైనా తమ ఇంట్లోనే బీరు అమ్ముకోవచ్చన్నారు, జనం జిన్ అనే ఘాటు సారా మానేసి బీరుకి మళ్లుతారని ఆశ. వేల ఇళ్లు రాత్రికి రాత్రి బీరు షాపులయ్యాయి. మధ్యాహ్నం పూట పబ్బులు మూసేసే పద్ధతి మొదటి ప్రపంచ యుద్ధంలో, ఆయుధాల ఫ్యాక్టరీ కూలీలు తాగి పనికి రాకుండా పోతున్నారని పెట్టారు. అది ఇంగ్లండ్‌లో 1988 దాకా నడిచింది! యుద్ధం అయిపోయి 70 ఏళ్లు. ఇది విని మా బాబాయ్ పడీ పడీ నవ్వాడు, టెంపరరీ జీవోలు ఎంత కాలం బతుకుతాయో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

నది దాటితే బ్లాక్‌ఫ్రయర్ అనే పబ్బు. త్రికోణం ఆకారంలో, కేకు ముక్క కోసినట్టు ఉంటుంది. గుమ్మం పైన నల్లటి అంగీ వేసుకున్న లావుపాటి సన్యాసి నవ్వుతూ నిలబడి ఉంటాడు. ఇది చూసి నేను ఏ పదిహేనో శతాబ్దందో అనుకున్నా, ఇక్కడ ఒకప్పుడు డొమినికన్ సన్యాసుల మఠం ఉన్న మాట నిజమే, ఎనిమిదో హెన్రీ 1538లో దాన్ని మూయించిన మాటా నిజమే. కానీ భవనం 1870ల నాటిది, లోపల గోడల నిండా కనిపించే పాలరాయి, రాగి శిల్పాలు, మొజాయిక్ 1905 నుంచి ఫుల్లర్ క్లార్క్ అనే ఆర్కిటెక్ట్, హెన్రీ పూల్ అనే శిల్పి కలిసి చేయించినవి. ఆ బొమ్మల్లో సన్యాసులు పాటలు పాడుతుంటారు, చేపలు పడుతుంటారు, పండ్లు కోస్తుంటారు. గోడల మీద నీతి వాక్యాలు కూడా: తొందరే ఆలస్యం, ఆర్భాటం అవివేకం. ఇంత ఆర్భాటం చేసిన గోడ మీద ఆ రెండోది రాయాలంటే ఆ కళాకారుడికి ఎంత కొంటెతనం ఉండాలి! 1960ల్లో దీన్ని పడగొట్టబోతే కవి జాన్ బెట్జమన్, ఇంకొందరు అడ్డం పడి కాపాడారు. నాకు మొత్తం టూర్‌లో బాగా నచ్చిన చోటు ఇదే. గోడలు తట్టడానికి మాత్రం ఇక్కడ వీల్లేదు, "బాబాయ్, ఇది పాలరాయి, చెయ్యి తియ్యి" అని నేనే చెప్పాల్సొచ్చింది.

తర్వాత ఫ్లీట్ స్ట్రీట్‌లో చెషైర్ చీజ్ అనే పబ్బు. పక్క సందులో చీకటి గుమ్మం, గుమ్మం పక్కన బోర్డు, దాని మీద ఈ పబ్బు చూసిన రాజులూ రాణుల పేర్లు వరసగా. 1666 నాటి మహా అగ్నిప్రమాదంలో లండన్‌లో 13,200 ఇళ్లు కాలిపోయాయి, ఆ మరుసటి ఏడాది మళ్లీ కట్టింది ఇది. ఈ చుట్టుపక్కల పాత కట్టడాలు చాలావాటికి 1666 తర్వాతి సంవత్సరాలే ఎందుకుంటాయో అప్పుడర్థమైంది. లోపల చెక్క గోడలు పొగకి నల్లబడి, తల వంచకపోతే దూలం తగిలే గదులు, కింద ఇంకా పాతవైన రాతి నేలమాళిగలు. పద్దెనిమిదో శతాబ్దపు రచయిత శామ్యూల్ జాన్సన్ ఇక్కడే కూర్చునేవాడని అందరూ చెబుతారు, ఆయన నిఘంటువు రాసిన ఇల్లు గఫ్ స్క్వేర్‌లో రెండడుగుల దూరంలోనే ఉంది, కానీ ఆయన ఈ పబ్బుకి వచ్చినట్టు ఆనాటి రాత ఒక్కటీ లేదని గైడ్ నిర్మొహమాటంగా చెప్పేసింది. ఆ మాటకి గ్రూపులో ఒకాయన మొహం మాడిపోయింది, పాపం జాన్సన్ కుర్చీ ముందు ఫొటో కోసమే వచ్చినట్టున్నాడు. దానికి బదులు చిలుక కథ చెప్పింది. పాలీ అని ఇక్కడొక చిలుక ఉండేది, సీసా మూత తీసిన చప్పుడు అచ్చంగా చేసేదట, 1926లో అది చనిపోతే పత్రికలు సంతాప వార్తలు రాశాయి. ఈ కథకి మాత్రం రుజువుంది.

అదే వీధిలో కొంచెం ముందుకెళ్తే 17వ నంబరు, రెండో అంతస్తు ముందుకి పొడుచుకొచ్చిన కలప ఇల్లు. 1610లో టావెర్న్‌గా కట్టారు, 1666 మంటలు దీని దాకా రాలేదు. మేం బయట్నుంచే చూశాం.

హోబర్న్‌లో స్టేపుల్ ఇన్ చూస్తే నలుపు తెలుపు చారల కలప ముఖభాగం, 1585 నాటిది. పేరులో ఇన్ ఉంది కదా అని గదులకోసం అడక్కండి, ఇక్కడ ఇన్ అంటే లాయర్లు చదువుకునే, ఉండే చోటు. 1944లో జర్మన్ల ఎగిరే బాంబు పడి బాగా దెబ్బతింది, యుద్ధం తర్వాత ఉన్న ముక్కలతో మళ్లీ నిలబెట్టారు. కాబట్టి వయసు ఎంత అనాలి? బాబాయ్ అడిగింది ఇదే. ఆవిడ నవ్వి, మీరెంతంటే అంత అంది.

దాని తర్వాత సిట్టీ ఆఫ్ యార్క్ అనే పబ్బు, నాలుగు వయసుల లెక్కకి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఆ స్థలంలో పబ్బు 1430 నుంచీ ఉందంటారు. లోపలికెళ్తే ఎత్తైన పైకప్పు, బార్ పైన వరసగా పేద్ద పేద్ద పీపాలు, పక్కన ఇద్దరు ముగ్గురు కూర్చునే చిన్న చిన్న చెక్క అరలు, మధ్యలో మూడు ముఖాల స్టవ్, దాని పొగ గొట్టం నేల కిందినుంచి పోతుంది. ఏ జమీందారు దర్బారో అనిపిస్తుంది. కట్టింది 1920ల్లో! బాబాయ్ దూలాల వైపు చూసి అప్పటికే పసిగట్టాడు, "రంపం కోత చూడు ఎంత నున్నగా ఉందో, బాడిసెతో చెక్కింది కాదిది" అన్నాడు. గైడ్‌కి అది ఇంగ్లీషులో చెప్పించాడు నాచేత, బాడిసెకి ఇంగ్లీషు మాట గుర్తురాక చేత్తో చెక్కినట్టు చూపించా. ఇక్కడ ఇంకో సుఖం, పాటలు ఉండవు, టీవీ ఉండదు. ఇదీ, చెషైర్ చీజూ, దీని తర్వాత చూసిన ప్రిన్సెస్ లూయీజూ మూడూ శామ్యూల్ స్మిత్ అనే యార్క్‌షైర్ బ్రూవరీవే, మ్యూజిక్ వద్దనేది వాళ్ల పాలసీ. మైకు లేని గైడ్‌కి ఇంతకన్నా ఏం కావాలి.

ప్రిన్సెస్ లూయీజ్ 1872లో మొదలైంది, విక్టోరియా రాణి కూతురి పేరు. లోపలి అలంకరణ 1891ది. రంగు టైల్స్, చెక్కిన అద్దాలు, బార్ చుట్టూ చెక్క తడికెలతో విడగొట్టిన చిన్న గదులు. ఒకే పబ్బులో కూలీలు ఒక గదిలో, గుమాస్తాలు ఒక గదిలో, ఒకళ్ల మొహం ఒకళ్లకి కనపడకుండా, ఒక్కో గదికి ఒక్కో రేటు. ఇరవయ్యో శతాబ్దంలో చాలా పబ్బులు ఈ తడికెలన్నీ పీకేశాయి, లూయీజ్‌లో కూడా పీకేశారు, 2007 ప్రాంతంలో మళ్లీ పాత పద్ధతిలో పెట్టారు. అంటే విక్టోరియా కాలం నాటివి అని మనం మురిసిపోయేవాటిలో కొన్నిటి వయసు ఇరవై ఏళ్లు కూడా లేదు. పాలరాతి జెంట్స్ టాయిలెట్ మాత్రం అసలుదే, లిస్టింగ్‌లో అదీ భాగమే. ఇరవై మందిలో మగవాళ్లందరూ వంతులవారీగా వెళ్లి చూసొచ్చారు. ఆడవాళ్లకి ఈ భాగ్యం లేదు కాబట్టి గైడ్ ఫొటో చూపించింది.

అక్కడ కూర్చోబెట్టి చివరి పావుగంట చెప్పినవి చరిత్ర కన్నా కోర్టు కథల్లాగా ఉన్నాయి. ఇంగ్లండ్‌లో పాత భవనాలకి మూడు మెట్లు: గ్రేడ్ 1, గ్రేడ్ 2 స్టార్, గ్రేడ్ 2. అన్నిటికన్నా పైన ఉన్న గ్రేడ్ 1 కిందకి వచ్చేవి మొత్తంలో రెండున్నర శాతమే. లిస్టయ్యాక అనుమతి లేకుండా లోపలి మెట్లు మార్చినా నేరమే. 2015లో కిల్‌బర్న్ దగ్గర కార్ల్‌టన్ టావెర్న్ అనే 1920ల పబ్బుని, ఇంకొక రోజో రెండ్రోజులో లిస్ట్ చేస్తారనగా, ఓనర్లు ప్లానింగ్ పర్మిషన్ లేకుండా కూల్చేశారు. అపార్ట్‌మెంట్లు కట్టుకోవచ్చని. స్థానికులు ఊరుకోలేదు, కౌన్సిల్ ఊరుకోలేదు, ఎలా ఉన్నదాన్ని అలాగే కట్టి ఇవ్వండి అని ఆర్డరేసింది. అదృష్టం ఏంటంటే లిస్టింగ్ కోసం వచ్చినవాళ్లు ముందే ఫొటోలు, టైల్స్ అచ్చులు తీసిపెట్టుకున్నారు. ఓనర్లకి తప్పలేదు, కట్టారు, 2021 ఏప్రిల్‌లో తలుపులు తెరిచారు. స్టాఫర్డ్‌షైర్‌లో గనుల వల్ల నేల కుంగి పక్కకి ఒరిగిపోయిన క్రూకెడ్ హౌస్ 1765 నాటిది, అదీ 2023 ఆగస్టులో చేతులు మారిన కొద్ది రోజులకే కాలిపోయి, రెండు రోజుల్లో నేలమట్టమైంది, అది లిస్ట్ కానే కాలేదు. దాన్ని కూడా మళ్లీ కట్టమనే ఆర్డరొచ్చింది. "ఒరిగిన ఇంటిని ఒరిగినట్టే కట్టమంటే ఏ ఇంజినీరు సంతకం పెడతాడు?" అని బాబాయ్ నిజంగానే టెన్షన్ పడ్డాడు, రైల్లో ఇంటికొచ్చేదాకా అదే మాట.

కాళ్ల సంగతి కూడా చెప్పాలి, నడక తక్కువలో తక్కువ నాలుగు కిలోమీటర్లు ఉంటుంది, పాత పబ్బుల్లో మెట్లు ఇరుకు, లిఫ్టులు ఆశించొద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లయితే చెషైర్ చీజ్ నేలమాళిగ వదిలేయండి. తాగనివాళ్లని ఎవరూ ఏమీ అనరు, బాబాయ్ ప్రతిచోటా జింజర్ బీర్ అడిగాడు, పేరులో బీరుంది కదా అని పిన్నికి మాత్రం చెప్పలేదు.

టూర్‌లో లేని ఒక చోటు గైడ్ విడిగా చెప్పింది, మర్నాడు మేమే వెళ్లాం. హ్యాటన్ గార్డెన్‌కీ ఈలీ ప్లేస్‌కీ మధ్య మనిషి ఒరుసుకుని నడిచేంత సందులో ఓల్డ్ మైటర్ అని చిన్న పబ్బు. బోర్డు మీద 1546, ఆ ఏడాది ఈలీ బిషప్ తన పనివాళ్లకోసం పెట్టించాడట. బాబాయ్ లోపలికి వెళ్తూనే గోడ తట్టి, కిటికీ చూసి, "ఇది 1700 తర్వాతదేరా" అన్నాడు. భవనం 1772 ప్రాంతానిదే. మూలన అద్దం వెనక ఒక పాత చెర్రీ చెట్టు మొద్దు ఉంది, మొదటి ఎలిజబెత్ రాణి దాని చుట్టూ నాట్యం చేసిందంటారు. దాన్ని తట్టడానికి అద్దం అడ్డం. వెళ్లేముందు తెరిచి ఉంటుందో లేదో చూసుకోండి, శని ఆదివారాలు నమ్ముకోవద్దు, సందు మొదట్లో బోర్డు చిన్నది, రెండుసార్లు దాటిపోయాం.